వదిన ఊపిరి పీల్చుకున్న చోట

మా ఊరి ప్రార్థన మందిరంలో హార్మోనియం ఉండేది కాదు. పాటల పుస్తకాలు ఉన్నా చదవగలిగినవాళ్ళం తక్కువ. కాబట్టి ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. ఎత్తుకున్నవాళ్ళు సాగదీస్తే సాగదీయాలి, ఆగితే ఆగాలి. వాళ్ళను దాటుకుని ముందుకు పాడితే అది పొగరు కింద లెక్క. చిన్నప్పుడు నేనొకసారి అలా దాటేసి పాడినందుకు మా అమ్మ మందిరం గుమ్మం దగ్గర మొదలుపెట్టి మా ఇంటి గుమ్మం దాకా తిట్టింది. ఆ తిట్లలో మాత్రం ఎక్కడా ఆగలేదు.

నాకు బుద్ధి తెలిసినప్పుడు పాట ఎత్తుకునేది ఒక ముసలావిడ. ఆవిడ పోయాక ఆ చోటు మా వదినకి వచ్చింది. వదిన అంటే మా అన్నయ్య భార్య. నందిగాం వైపు వరిచేలల్లో పుట్టి పెరిగి మా ఇసకలోకి కాపురానికొచ్చింది. వచ్చిన కొత్తలో "ఇదేటూరే, అడుగేత్తే అడుగు ఎనక్కి లాగేత్తాది!" అని ఒకటే నవ్వు. గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేసినట్టుండేది. ఆదివారం ఆమె పాట ఎత్తుకుంటే, చుట్ట కాల్చుకోవడానికి బయటికెళ్ళిన ముసలమ్మలు కూడా చుట్ట ఆర్పేసి లోపలికి వచ్చేసేవారు.

మా ఊరు కాశీబుగ్గ నుంచి సముద్రం వైపు, ఉద్దానంలో ఉంటుంది. ఇప్పుడు తలుచుకుంటే ముందు వాసనే వస్తుంది నాకు. చలి తగ్గేసరికి జీడిపూత వాసన, ఎండలు ముదిరితే చెట్ల కింద రాలి పులిసిన జీడిపళ్ళ వాసన, ఆపైన ఏ ఇంట్లో పనసపండు కోసినా ఊరందరికీ తెలిసిపోయే ఆ వాసన. మధ్యాహ్నాలు కొబ్బరి నీడన కూర్చుని, కాశీబుగ్గ షావుకారు పంపించిన కాల్చిన జీడిగింజలు కొట్టి పప్పు తీసేవాళ్ళం. చేతులకి ఎంత బూడిద రాసుకున్నా జీడినూనె అంటుకుని వేళ్ళు నల్లబడిపోయేవి. ఆ వేళ్ళతో నేను బళ్ళో సుద్దముక్క పట్టుకుంటే పిల్లలు కిసుక్కుమనేవారు.

అరవైల చివర సంగతి ఇది. నేను మా ఊరి మిషను బళ్ళో టీచర్ని, పెళ్ళి కాలేదు, కోపం ముక్కు మీదే ఉండేది. అన్నయ్యకి టెక్కలిలో గుమాస్తా ఉద్యోగం. అక్కడే గది తీసుకుని శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. ఇంట్లో అమ్మ, వదిన, నేను. మా ముగ్గురి నోళ్ళకీ ఆ ఇల్లు చాలేది కాదు.

ఏటా వేసవిలో మిషను ఆసుపత్రి బండి మా ఊరొచ్చేది. డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, తెల్లచీర, గట్టి గొంతు. మందిరంలో ఒక మూల దుప్పటి కట్టి ఆడవాళ్ళని చూసేది. ఆ ఏడు ఒక్కరూ కదల్లేదు. రవికె మీద గొట్టం పెట్టించుకోవడానికి సిగ్గు. వదినకి చిరాకేసింది. "సూత్తే ఏటైపోద్దే మీకు! అదేటి పులా? నాకే రోగమూ లేదు, నానెల్లి కూకుంటాను, సూడండి" అని అందరికీ ధైర్యం చెప్పడానికి ముందుగా వెళ్ళి దుప్పటి అవతల కూర్చుంది.

ఎంతకీ బయటికి రాలేదు. లోపల డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి విన్నది, ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి విన్నది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమొచ్చిందా అని అడిగింది. "ఒక ఏడు మోకాళ్ళు వాసిపోయి మంచం పట్టినానమ్మా. మాయమ్మ పసర్లు రాసినాది, తగ్గిపోనాది" అంది వదిన. డాక్టరమ్మ నవ్వలేదు. మీ ఆయన్ని తీసుకుని ఆసుపత్రికి రమ్మంది. రోగం లేదని చూపించడానికి వెళ్ళిన మనిషికే రోగం అంటగట్టారని ఊరంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఆ దెబ్బకి మిగతా ఆడవాళ్ళెవరూ దుప్పటి దరిదాపులకి కూడా పోలేదు.

ఆసుపత్రికి అన్నయ్య, వదిన, నేను వెళ్ళాం. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. గుండెలో గదికీ గదికీ మధ్య తలుపులుంటాయట. ఆ చిన్నప్పటి జ్వరం వల్ల వదిన గుండెలో ఒక తలుపు రెక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయట. నెత్తురు పోయే సందు సన్నబడుతోందట. మద్రాసులో పక్కటెముకల మధ్య కోసి, గుండెలోకి వేలు పోనిచ్చి, ఆ రెక్కలు విడదీస్తారట.

గుండెలోకి వేలు అనేసరికి అన్నయ్య మొహం పాలిపోయింది. "అయితే ఇప్పుడే తీసుకెళ్ళిపోమంటారా?" అన్నాడు.

"అక్కడే ఉంది చిక్కు" అంది డాక్టరమ్మ. "ఈవిడ తనకి ఏ బాధా లేదంటోంది. ఆపరేషను బల్ల ఎక్కినవాళ్ళందరూ దిగి వస్తారని నేను మాటివ్వలేను. దిగి వచ్చినా, విడదీసిన రెక్కలు కొన్నేళ్ళకి మళ్ళీ అతుక్కోవచ్చు. రెండోసారి ఇంకా కష్టం. అందుకే బాధ లేని మనిషిని తొందరపడి కోయరు. అలాగని ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, గుండె అలిసిపోతుంది. అప్పుడు కోసినా ఫలితం ఉండదు."

"మరెప్పుడండీ?"

"ఆయాసం మొదలవగానే. అది ముఖ్యం. మొదలైన సంగతి నాకు వెంటనే తెలియాలి. అప్పటిదాకా బిడ్డ మాట తలపెట్టకండి, కాన్పు ఈ గుండె తట్టుకోలేదు." తర్వాత నావైపు తిరిగింది. "టీచరువి కదా, ఇంట్లో ఉండేది నువ్వే కదా. కనిపెట్టుకుని ఉండు. మెట్లెక్కితే రొప్పుతోందేమో చూడు."

వదిన పకపకా నవ్వింది. "మా ఊళ్ళో మెట్లెక్కడున్నాయమ్మా? ఉన్నదంతా ఇసకే గదా!"

ఇంటికొచ్చాక సంగతి విని అమ్మ నెత్తి కొట్టుకుంది. "కోతకీ ఇప్పుడొద్దు, కాన్పుకీ ఇప్పుడొద్దు. మరి దీన్ని ఉట్టిలో పెట్టుకుని సూత్తా కూకోమందేటి?" అంది. నిజానికి అలాగే చూస్తూ కూర్చున్నాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటికీ మధ్య గట్టు మీద మా ఇంటిని డాక్టరమ్మ కాపలా పెట్టినట్టయింది.

రోజూ బడి నుంచి రాగానే అడిగేదాన్ని. "వదినా, ఆయాసమా?"

"గుండ్రాయిలగున్నాను. నీకే ఆయాసమొత్తాంది నన్నడగనేక."

ఒక్కోరోజు నన్ను ఏడిపించడానికి కావాలనే గోడకి చేరబడి బుస్సుబుస్సుమని రొప్పేది. నేను పలక పారేసి పరిగెత్తుకొస్తే పడీపడీ నవ్వేది. ఒకసారి అలాగే చేస్తే నాకు ఒళ్ళుమండి, ఆ రోజంతా ఆమె వండిన కూర ముట్టలేదు. సాయంత్రం చోడి అంబలి గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, "తాగే తల్లీ. నిజంగా వత్తే నీకే ముందు సెప్తాను" అంది. ఆ మాట నేను నమ్మాను. ఆమె కూడా నిజంగానే అంది.

ఇప్పుడనిపిస్తుంది, ఆ రోజులు ఎంత బాగుండేవో. రోగమనేది ఇంట్లో ఉందని తెలుసు, కానీ అది ఎక్కడో మంచం కింద నిద్రపోతున్న పిల్లిలా ఉండేది. మేం గింజలు కొట్టుకుంటూ, ఊళ్ళో అందరి మీదా కబుర్లు చెప్పుకుంటూ, మధ్యమధ్య అమ్మ చూడకుండా విరిగిన పప్పులు నోట్లో వేసుకుంటూ ఉండేవాళ్ళం. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు పోయి మళ్ళీ జీడి పూసింది. ఆయాసం లేదంటే లేదు. డాక్టరమ్మ పొరబడిందని అమ్మ తేల్చేసింది. నేనూ కాస్త అలాగే అనుకున్నాను.

ఆ ఏడు కోతలయ్యాక టెక్కలిలో సంఘాల సభలు జరిగాయి. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలన్నీ ఏడాదికొకసారి కలిసే సభలవి. కొబ్బరాకుల పందిరి, కింద గడ్డి, గంగాళాల్లో వంట. మా ఊరివాళ్ళం రెండు ఎడ్లబళ్ళలో పలాస దాకా వచ్చి బస్సెక్కి వెళ్ళాం. మొదటిరోజు అందరూ కలిసి ఒక పాత పాట ఎత్తుకున్నారు. మా ఊళ్ళో ప్రతి ఆదివారం పాడే పాటే. మేం కూడా గట్టిగా అందుకున్నాం.

చరణంలో మూడో పాదం చాలా పొడుగు. పందిరంతా ఆ పాదంలో ఆగకుండా పోతోంది. మా ఊరివాళ్ళం మాత్రం సగంలో టక్కున ఆగిపోయాం. మళ్ళీ అందుకునేసరికి మిగతావాళ్ళు ముందెక్కడో ఉన్నారు. కొంచెం పోయి మళ్ళీ ఆగాం. రెండో చరణంలోనూ అంతే. పందిట్లో నవ్వులు మొదలయ్యాయి. పాట అయ్యాక టెక్కలి సంఘంలో ఒకావిడ మా వైపు తిరిగి, "ఉద్దానమోల్లు పాటక్కూడా ఇసకలో నడిసినట్టే నడుత్తారేటి?" అంది.

నాకెక్కడలేని రోషం వచ్చింది. "అసలు వరస మాదే. మీరే పరిగెత్తి పాడేత్తన్నారు" అని తగువు పెట్టుకున్నాను. ఆ పాటని మా ఊరికి నేర్పిన బైబిలమ్మ, అంటే ఊరూరా తిరిగి వాక్యం చెప్పే పెద్దావిడ, అక్కడే చాప మీద కూర్చుని ఉంది. ఆవిడ దగ్గరికి పోయి తీర్పు చెప్పమన్నాను.

"లేదమ్మా, ఆ పాదం ఒక్క ఊపిరిలోనే పాడాలి. మీకు నేను నేర్పిందీ అలాగే. మీ ఊరి ముసలావిడ కూడా అలాగే పాడేది. మధ్యలో ఆ రెండు విరుపులూ ఎప్పుడు పెట్టుకున్నారో నాకు తెలియదు" అందావిడ.

ఓడిపోయిన మంటతోనే వచ్చి కూర్చున్నాను. కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. ఆ విరుపులు ఎప్పుడు పెట్టుకున్నామో నాకు తెలుసు. వదిన పాట ఎత్తుకోవడం మొదలుపెట్టిన కొత్తలో లేవు. ఆమె దుప్పటి అవతల కూర్చున్న ఏడు ఒక్కచోట ఆగేది. అప్పుడు అది ఎంతో సొగసుగా ఉండేది. ఆ ఆగిన క్షణంలో మందిరంలో కొబ్బరాకుల చప్పుడు వినిపించేది. రెండో విరుపు మొన్న వానాకాలంలో వచ్చింది. ఆమె ఆగితే మేమందరం ఆగాం. ఆమెను దాటకూడదు గదా. ఊరు ఊరంతా మర్యాదగా ఆమె ఊపిరికి కాపలా కాసింది, అది ఆయాసమని ఒక్కరికీ తట్టలేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని నందిగాం రాగానే తన పుట్టింటి దారి చూపిస్తూ ఏదేదో చెబుతోంది. నేను వినడం లేదు. ఒక్కొక్కటే గుర్తొస్తోంది. నూతి దగ్గర నీళ్ళు తోడుతూ సగంలో తాడు పట్టుకుని నిలబడి జోకులేస్తుంది. దారిలో గుమ్మం గుమ్మానికీ ఆగి పలకరిస్తుంది. కలుపుగోలు మనిషని ఊళ్ళో ఎంత పేరు! ఆ పలకరింపులన్నీ ఊపిరి కోసమే అయి ఉండాలి. ఆమె మాకు అబద్ధం చెప్పలేదు. తనకే తెలియకుండా తన బతుకుని కొంచెం కొంచెంగా కురచ చేసుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చాక పెరట్లో చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక తిన్నగా చెప్పేశాను. వదిన మొహం ఎర్రబడింది.

"నా పాట రోగమంతావేటే?"

"పాట కాదు వదినా, ఆ ఆగిన చోట..."

"ఆ ఆగిన సోటే గదా అందరూ బాగుందంతారు! నాకున్నదదొక్కటే. అది కూడా రోగం కింద రాసేత్తావేటి?" అని జీడిగింజల చేట విసిరేసి లోపలికి పోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పక్క వేసేది, పలికేది కాదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. కోపమంటే నాకు బాగా తెలుసనుకునేదాన్ని. కానీ కోపంలో అంత దిగులుంటుందని అప్పుడే తెలిసింది.

ఒక ఉదయం నేను బడికి బయల్దేరి, సముద్రం వైపు మొగలిపొదల దగ్గర ఆమె ఒక్కతే నిలబడి ఉండటం చూశాను. ఆ మూడో పాదం పాడుతోంది. సగానికొచ్చి ఆగింది. తల విదిలించి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఆగకుండా పోవాలని గొంతు బిగించింది. ఇంకొంచెం పోయాక మాట రాలేదు, గాలి రాలేదు, వంగి మోకాళ్ళు పట్టుకుంది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. కాస్త తెప్పరిల్లాక నా భుజం పట్టుకుని, "పద, ఆ డాక్టరమ్మ కాడికెల్దాం" అంది.

నేను పాట సంగతంతా చెప్తే డాక్టరమ్మ గొట్టం పెట్టి, ఆ పాదం పాడమంది. తర్వాత వరండాలో అటూ ఇటూ చురుగ్గా నడిపించి మళ్ళీ పాడమంది. ఈసారి ఆగింది రెండు చోట్ల కాదు, పాదమంతా ముక్కలు ముక్కలైపోయింది. డాక్టరమ్మ చెవుల్లోంచి గొట్టం తీసి, "ఆయాసం ఎప్పుడో మొదలైందమ్మా. నువ్వు దాన్ని సర్దుకుపోయావు. ఇంకా మించిపోలేదు. ఇదే సమయం" అంది.

అమ్మ ఒప్పుకోలేదు. "నడిసి తిరిగే మనిసిని కోయిత్తారేటిరా? మంచాన పడితే అప్పుడు సూద్దారి" అంది.

"మంచాన పడ్డాక తీసుకెల్తే ఇల్లు కాలాక నుయ్యి తవ్వినట్టేనే అమ్మా" అన్నాడు అన్నయ్య. అమ్మకి ఎదురు చెప్పడం అతనికి అదే మొదలు. ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. అమ్మ కాసేపు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తర్వాత లేచి తన చీరలు మూట కట్టడం మొదలుపెట్టింది. "నాను లేకుండా దాన్నెవులు సూత్తారు? నానూ వత్తాను" అంది. పలాసలో మద్రాసు మెయిలు ఎక్కేటప్పుడు వదిన కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బండి కదిలాక నేనే విడిపించుకోవాల్సి వచ్చింది. ఆ చెయ్యి మళ్ళీ పట్టుకుంటానో లేదో అనుకున్నాను. కాశీబుగ్గ బజారంతా ఏడుస్తూనే నడిచాను.

తర్వాతి ఆదివారం పాట నన్ను ఎత్తుకోమన్నారు. తప్పలేదు. మూడో పాదం వచ్చేసరికి, బైబిలమ్మ చెప్పినట్టు తిన్నగా పోదామనుకున్నాను. పోయాను. నా వెనక ఎవరూ రాలేదు. మందిరమంతా వదిన ఊపిరి పీల్చుకునే చోట ఆగి నిలబడి ఉంది. అలవాటుకొద్దీ ఆగారో, ఆమె కోసం ఆగారో నేనడగలేదు. నా గొంతు ఒక్కటీ కొంచెం దూరం పోయి అక్కడ తెగిపోయింది. ఎవరో ముసలమ్మ వెనక నుంచి "ఏడవకే, వత్తాది" అంది.

ఆపరేషను అయిందని, మనిషి బాగుందని టెక్కలి ఆఫీసు ద్వారా కబురొచ్చింది. జీడిపళ్ళు రాలే రోజుల్లో తిరిగొచ్చారు. పలాస స్టేషన్లో దిగినప్పుడు వదిన సగమైపోయి ఉంది. ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా కోత. కావిలించుకుని పలకరిద్దామంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు నాకు. బస్సు మమ్మల్ని రోడ్డు మీద దించేసరికి ఎండ చల్లబడింది. అన్నయ్య బండి తెస్తానంటే వదిన వద్దంది, నడుస్తానంది. జీడితోటల మధ్య ఇసక బాట పట్టాం. ఆమె పక్కనే నేను, వెనక అమ్మ, అన్నయ్య, మూటలు.

సగం దారిలో వదిన ఆగిపోయింది.

"కూకో వదినా. ఆయాసమా?"

ఆమె కూర్చోలేదు. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. నిండా పీల్చింది, మెల్లగా వదిలింది. మళ్ళీ పీల్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"నొప్పేటే?" అంది అమ్మ వెనక నుంచి కంగారుగా.

వదిన తల అడ్డంగా ఊపి నావైపు చూసింది. "ఓలే, ఊపిరంతే ఇలగుంటాదేటే?"

నాకర్థం కాలేదు.

"మీరందరూ ఇన్నేల్లూ ఇలగే పీలుత్తన్నారా?"

అవునన్నాను.

"మరి ఒక్కలైనా నాకు సెప్పలేదేటే!" అంది. నవ్వుతూ కాదు. నిజంగానే కోప్పడింది మా మీద, చిన్నప్పటి నుంచీ తనని మోసం చేసినవాళ్ళ మీద కోప్పడినట్టు. మేం ముగ్గురం ఆ ఇసకలో తల వంచుకుని నిలబడ్డాం.